మెల్‌బోర్న్ ప్రయాణం, నాయుడింట్లో సంచి

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. భయం కాదు, విసుగు. ఉక్కు కర్మాగారంలో ఇరవై ఏడేళ్ళుగా షిఫ్టులు చేస్తున్నాను. రాత్రి డ్యూటీలో ఎవరో కనబడ్డారని చెప్పినవాళ్ళని, ముందు మొహం కడుక్కుని రండని కసిరినవాణ్ణి. అలాంటి నేను ఇది రాస్తున్నది ఎవర్నీ నమ్మించడానికి కాదు. రెండేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇక నా వల్ల కావడం లేదు.

మాది తణుకు దగ్గర పల్లె. ప్లాంటు కడుతున్న రోజుల్లో నాన్నగారు ఉద్యోగానికి వైజాగ్ వచ్చారు. నేనూ మా చెల్లెలు సుజాతా ఉక్కునగరం క్వార్టర్స్‌లోనే పెరిగాం. చెల్లెలు తనకి నచ్చిన కిరణ్‌ని చేసుకుంది. కుర్రాడు బంగారం లాంటివాడు. మా కులం కాదు, అంతే. నేను పెళ్ళికి వెళ్ళలేదు.

ఏడాది తర్వాత వాళ్ళిద్దరూ మెల్‌బోర్న్ వెళ్ళిపోతూ, చెప్పి వెళ్దామని మా ఇంటికి వచ్చారు. నేను లోపలి గదిలో మంచం మీద కూర్చుని, డ్యూటీకి వెళ్ళారని మా ఆవిడ రమణి చేత చెప్పించాను. సుజాత అరగంట కూర్చుంది. దాని ప్రతి మాటా నాకు వినబడుతూనే ఉంది. “అన్నయ్య బీపీ మాత్రలు మర్చిపోతాడు వదినా, నువ్వే గుర్తు చెయ్యాలి” అని చెప్పి వెళ్ళిపోయింది. నేను గది లోంచి కదల్లేదు. ఆ సంగతి నాకూ రమణికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

తర్వాత ఎనిమిదేళ్ళు మా ఇద్దరికీ మాటల్లేవు. రమణితో మాత్రం ఫోన్లో మాట్లాడేది.

రెండేళ్ళ క్రితం జూన్‌లో, సుజాత కడుపులో గడ్డ ఉందనీ, అది ఎలాంటిదో తీశాక గానీ తెలియదనీ కబురొచ్చింది. అన్నయ్య ఒక్కసారి వస్తే బాగుణ్ణు అందట వదినతో. రమణి ఆ మాట చెప్పి, అక్కడే నిలబడి నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వెళ్తానన్నాను.

ఆరు రోజుల ప్రయాణం. నేను విదేశం వెళ్ళడం అదే మొదలు కాబట్టి, మా ప్లాంటులో రిపేరు పనికి ప్లాను వేసుకున్నట్టు నోట్‌బుక్‌లో వరసగా రాసుకున్నాను. సింగపూర్‌లో విమానం మారడం, అక్కడ దిగాక ఊళ్ళోకి బస్సు, బస్సు దిగి హాస్పిటల్‌కి ట్రాము. ఇక్కడ చెమటలు కారుతుంటే అక్కడ చలికాలమట. వన్ టౌన్‌లో ఒక బూడిద రంగు స్వెట్టర్ కొన్నాను. ఆవకాయ సంగతిలో రమణికీ నాకూ పెద్ద గొడవే అయింది. అక్కడ తినే వస్తువు ఏది తెచ్చినా కాగితం మీద రాసివ్వాలి, వాళ్ళు వద్దంటే పారెయ్యాలి అంటే వినదే.

అన్నీ రాశాను గానీ, వార్డులోకి అడుగుపెట్టాక ఏం మాట్లాడాలో మాత్రం రాయలేకపోయాను. ఆ పేజీలో ‘సుజాతని చూడాలి’ అన్న ఒక్క ముక్క రాసి వదిలేశాను.

ఆపరేషన్ బుధవారం. నాకు సెలవూ టికెట్టూ కుదిరింది ఆ తర్వాతి మంగళవారానికి. మంగళవారం, పైగా నవమి. రమణి ససేమిరా అంది. చివరికి పరస్థానం పెడదామంది. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియలో మన బట్టలు మూటగట్టి వేరేవాళ్ళింట్లో పెడతారు. దాంతో మనం ఆ ఘడియలోనే బయల్దేరినట్టు లెక్క. మళ్ళీ ఆ మూట ఇంటికి తీసుకురాకూడదు, దారిలో తీసుకుని అటే పోవాలి. చాదస్తం అనుకున్నాను గానీ, ఆ నాలుగు రోజులూ ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందని ఒప్పుకున్నాను.

శుక్రవారం పంచమి. పొద్దున్న ఏడూ నలభైకి, ఒక జత బట్టలూ తువ్వాలూ ఆ కొత్త స్వెట్టరూ చిన్న గుడ్డ సంచిలో పెట్టి, పసుపు అద్దిన దారంతో రమణి మూతి కట్టింది. మా వెనక లైనులో ఉండే అప్పల్నాయుడింట్లో పెట్టొచ్చాను. నాయుడిది భీమిలి వైపు ఊరు, నాతోపాటే పని చేస్తాడు, చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు.

“ఇంకేటి బావా, నువ్వు ఎల్లిపోయినట్టే. సంచి మా దేవుడి గూటి కింద ఎడతాను, ఎవులూ ముట్టుకోరు” అన్నాడు.

శనివారం మా ఇన్‌చార్జి ఫోన్ చేశారు. ఒకతనికి ఒంట్లో బాగోలేదట, ప్రయాణం ఒక వారం వెనక్కి జరుపుకోవడానికి వీలవుతుందా అని అడిగారు. వీలవదు అంటే సరేననేవారే. నేను ఆయన మాట పూర్తి కాకుండానే అలాగే సార్ అన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ప్రాణం హాయిగా అనిపించింది. మధ్యాహ్నానికల్లా టికెట్ రద్దు చేసేశాను.

“మళ్ళీ లోపలి గదిలో దాక్కుంటున్నారా?” అంది రమణి.

రావడం లేదని సుజాతకి ఎలా చెప్పాలా అని ఆదివారం పొద్దున్న మథనపడుతుంటే, ఫోన్ దాని దగ్గర్నుంచే వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి.

“అన్నయ్యా, అంత దూరం వచ్చి ఇంటికైనా రాకుండా వెళ్ళిపోయావేంటి?” అంది ఏడుస్తూ.

నాకు అర్థం కాలేదు. అదే చెప్పుకుపోయింది. శుక్రవారం మధ్యాహ్నం, భోజనం ట్రే తెచ్చిన వేళకి నేను వార్డులోకి వచ్చానట. కుర్చీ చూపిస్తే కూర్చోలేదట. బూడిద రంగు స్వెట్టర్ చంకల దగ్గర పట్టేసి ఇబ్బందిగా ఉన్నానట. దుప్పటి మీంచి దాని పాదాలు పట్టుకుని, “ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, నన్ను క్షమించు తల్లీ” అన్నానట. “ఈ ఒక్క మాట కోసం ఎన్నాళ్ళు చూశానో నీకు తెలియదు” అంది.

నేను రాలేదని చెప్పబోయి ఆగిపోయాను. “సెలవు దొరకలేదమ్మా, వెంటనే వచ్చెయ్యాల్సి వచ్చింది” అన్నాను. దానితో అబద్ధమాడటం నాకు అలవాటైన పనే కదా.

ఆపరేషన్ అయిన రెండో రోజు, మత్తుమందుల వల్ల ఏదో కనబడి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నేను ఇంట్లో దాక్కున్న సంగతి దానికి తెలియదే. రమణిని అడిగితే, సింహాద్రి అప్పన్న మీద ఒట్టు, ఎవరి దగ్గరా నోరు జారలేదంది. ఆ వేళకి కిరణ్ కిందికి కాఫీకి వెళ్ళాడట. పక్క మంచం పెద్దావిడ మాత్రం, మీ బంధువు వచ్చి చాలాసేపు నిలబడే ఉన్నాడు పాపం అని అతనికి చెప్పిందట. మెల్‌బోర్న్‌కీ మనకీ అప్పుడు నాలుగున్నర గంటల తేడా. ఇక్కడ ఏడూ నలభై అంటే అక్కడ పన్నెండుంపావు కావస్తూ ఉంటుంది.

నాయుడింటికి వెళ్ళాను. సంచి పెట్టినచోటే ఉంది. రమణి వేసిన ముడి వేసినట్టే ఉంది. “ఏటైనాది బావా, అలాగున్నావేటి?” అని నాయుడు అడుగుతుంటే, అక్కడే ముడి విప్పి స్వెట్టర్ తీశాను. ధర చీటీ కూడా ఊడలేదు. కొన్నప్పుడు తొడిగి చూసుకోలేదు. ఇప్పుడు తొడిగితే చంకల దగ్గర పట్టేసింది. ఇంటికి పరుగెత్తాను. పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది, దాని మీద ఒక్క ముద్రా లేదు.

గడ్డ ప్రమాదమైనది కాదని తేలింది. సుజాత కోలుకుంది. ఇప్పుడు ప్రతి ఆదివారం నాతోనే మాట్లాడుతుంది, బీపీ మాత్రలు అడుగుతుంది, తిడుతుంది. నిజం చెప్పెయ్యండని మొదట్లో పోరిన రమణి, ఇప్పుడు వద్దులెండి, అది సంతోషంగా ఉంది కదా అంటోంది. నాకు మాత్రం అన్నం సహించదు. ఎవరో నా మొహంతో వెళ్ళి, నేను చెయ్యాల్సిన పని చేసి వచ్చారు. క్షమించమన్న ఆ మాట ఈ నోటితో నేను ఇప్పటికీ అనలేదు.

ఏవో వంకలు చెప్పి రెండేళ్ళు గడిపాను. ఈసారి సుజాతే టికెట్ తీసి పంపింది. వచ్చే నెలలో ఆరు రోజులు. మళ్ళీ నోట్‌బుక్ తీశాను. ఏ రోజు ఎక్కడికి తీసుకెళ్తుందో సుజాత చెబుతుంటే రాసుకుంటున్నాను.

పోయిన ఆదివారం, ఏం తెమ్మంటావు అని అడిగాను.

“ఏమీ వద్దన్నయ్యా. ఆ రోజు వెళ్తూ వెళ్తూ నా చేతిలో చెయ్యేసి ఒక మాట ఇచ్చావు చూడు, అది మర్చిపోకుండా రా. చాలు” అంది. “గుర్తుంది కదూ?”

“గుర్తుంది” అన్నాను.

ఏం మాట ఇచ్చానో నాకు తెలియదు.