రాతిగూళ్ల గుట్ట మీద విన్నది

పుంగనూరు దగ్గరి రాతిగూళ్ల గుట్టను క్వారీకి అడుగుతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పిన్ని కూతురు ఎస్తేరు. నాకు దయ్యాల మీద అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. కాలు బాగలేక నేను బడికి పోలేదు. మదనపల్లెలో ఇంట్లోనే నాన్న చదువు చెప్పారు. ఆయన నేర్పిన వాటిలో ప్రార్థన ఉంది, భయం లేదు.

ఆ గుట్ట కింద, నిలువు బండలు పాతి పైన పలక కప్పిన పాతకాలపు సమాధులు నాలుగున్నాయి. ఆ పలకలు ఎక్కడివన్నదే తగాదా. చూసిపోయిన చరిత్ర పంతుళ్లలో ఒకరు కుప్పం వైపు నుంచి తెచ్చారన్నారు, ఇంకొకరు ఈ గుట్టవే అన్నారు. బయటి రాళ్లయితే గుట్టను పగలగొట్టినా నష్టం లేదని క్వారీవాళ్ల వాదన. ఈ గుట్టవే అయితే సమాధులతో పాటు గుట్టనూ కాపాడాలి. అది తేల్చడానికి సోమవారం ఆఫీసరు వస్తారన్నారు.

మునెప్ప తాత రాళ్లు కొట్టే మనిషి. మా ఇంటి మెట్లు నా కాలికి అందేలా ఎత్తు తగ్గించి చెక్కింది ఆయనే. అవి దిగినప్పుడల్లా ఆయన కోసం దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. పలకను సుత్తితో తట్టి, అదే మోత ఇచ్చే బండను వెతికితే అది పుట్టిన చోటు దొరుకుతుందని ఆయన నమ్మకం. కాని యాభై ఏళ్ల సుత్తి దెబ్బలకు ఆయన చెవులు పోయాయి.

"నీ సెవులు ఒక పొద్దు నాకీయమ్మా," అన్నాడు.

శనివారం ఎస్తేరు చెయ్యి పట్టుకుని తాత వెంట గుట్ట ఎక్కాను. క్వారీ మేస్త్రీ చూసి, "సెవిటి తాత, కుంటక్క. బలే సాచ్చులు దొరికినారప్పా గుట్టకి," అన్నాడు. తాతకు వినపడలేదు. అతనికి నమస్కారం పెట్టాడు.

మా దగ్గరున్నది ఒకటే సుత్తి. పలక మోత మనసులో పెట్టుకుని బండలు ఒక్కొక్కటే తడుతూ పోయాను. మధ్యాహ్నమైనా ఏదీ కలవలేదు. అలసిపోయి, సుత్తి ఒళ్లో పెట్టుకుని, ఒక బండకు చెవి ఆనించి ఒరిగాను.

లోపల సుత్తి దెబ్బలు. ఒకరి తర్వాత ఒకరు కొడుతున్నట్టు వరసగా, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఆగి, మళ్లీ. లేచి చూశాను. చుట్టుపక్కల ఎక్కడా పని జరగడం లేదు. కింద మేస్త్రీ అన్నం తింటున్నాడు.

నేనింకా నోరు తెరవలేదు. తాత నా ముఖంలోకి చూసి అడిగాడు.

"ఎంతమంది కొడతాండారమ్మా?"

అయిదారు మందని వేళ్లతో చూపించాను. ఎస్తేరు కూడా చెవి పెట్టింది. తనకేమీ వినపడలేదు. ఆ బండకు తాత చూపించిన అంచున గడ్డపారతో మట్టి తీసింది. జానెడు లోతులో, రాయి చీల్చడానికి తొలిచిన గుంతలు వరసగా బయటపడ్డాయి. వాటి పక్కన పలక లేచిపోయిన ఖాళీ. దాన్ని తాడుతో కొలిచాం. కింద మూడో సమాధి కప్పుకు ఆ తాడు సరిగ్గా సరిపోయింది.

ఆఫీసరు వచ్చి గుంతలు చూసి, ఫొటోలు తీసుకున్నారు. గుట్టను క్వారీకి ఇవ్వడం లేదని కాగితం వచ్చేసరికే తాత కుప్పంలో కూతురింట కన్నుమూశాడు.

ఎండదెబ్బ అనుకున్నాను, గాలి అనుకున్నాను, నా చెవుల్లోని రక్తం చప్పుడు అనుకున్నాను. వీటిలో ఏదీ తాత అడిగిన ప్రశ్నకు సరిపోదు. తర్వాత రెండుసార్లు వెళ్లి అదే బండకు చెవి పెట్టాను. రాయి చల్లగా ఉంది, అంతే. దీన్ని ఏమనాలో నాకు నేటికీ తెలియదు.

ఆ కాగితంలో పంతుళ్ల పేర్లు రెండూ ఉన్నాయి. చోటు చూపించినవాడి పేరు లేదు. ఇది చదివినవాళ్లు, మీరు ఏ దేవుణ్ణి మొక్కినా సరే, మునెప్ప అన్న పేరు ఒక్కసారి తలుచుకోండి.