పకెతాలో నీలం టాక్సీ

ఆ కథ ఎప్పుడూ ఒకేచోట మొదలయ్యేది.

"పడవ దిగామో లేదో, రేవు బయట నీలం రంగు టాక్సీ ఒకటి నిలబడి ఉంది," అనేది జురేమా, సూదిలో దారం ఎక్కిస్తూ. "డ్రైవరు నా పెట్టె అందుకుని, 'కొత్త పెళ్లికూతురా అమ్మా?' అన్నాడు. నా మొహం చూసే కనిపెట్టేశాడు!"

అక్కణ్ణుంచి సముద్రపు ఒడ్డున ఆకుపచ్చ కిటికీల బస, కిటికీ తీస్తే మంచం దాకా వచ్చే అలల చప్పుడు, పొద్దున్నే బల్ల మీద బొప్పాయి ముక్కలు, సాయంత్రం మొగుడి చెయ్యి పట్టుకుని ఇసుకలో నడక. మూడు రోజులు. పకెతా దీవిలో జురేమా, వాల్దిర్‌ల హనీమూన్. రియోలో ఓ సాంబా నృత్య బృందానికి బట్టలు కుట్టే రేకుల షెడ్డులో ఈ కథ రానివాళ్లు లేరు. ముప్పై నాలుగేళ్లుగా చెబుతుంటే గోడలకు కూడా కంఠతా వచ్చేస్తుంది మరి.

అందులో ఒక్క ముక్క నిజం కాదు.

పెళ్లయిన మర్నాడు ఇద్దరూ పెట్టె పట్టుకుని రేవు దాకా వెళ్లిన మాట నిజమే. ఆ రోజు గాలివాన. పడవలు ఆపేశారు. ఇప్పుడు తగ్గుతుంది, ఇంకాసేపట్లో తగ్గుతుంది అనుకుంటూ సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని పాప్‌కార్న్ తిని, చివరికి అదే ఊళ్లో మదురైరా పేటలో ఉన్న అత్తగారింటికి పోయారు. అత్తగారికి కాళ్లనొప్పులు. కొత్తకోడలు ఆ మూడు రోజులూ కర్టెన్లు ఉతికింది.

జురేమా స్వతహాగా అబద్ధాలకోరు కాదు. తప్పంతా ఆ పసుపుపచ్చ గౌనుది. దీవిలో వేసుకోమని ఇద్దరు స్నేహితురాళ్లు, నజారే, జొరాయిదే, కార్నివాల్‌లో మిగిలిన పట్టుగుడ్డతో ఆమెకు తెలియకుండా ఆ గౌను కుట్టి, పెళ్లినాడు చేతిలో పెట్టారు. పనిలోకి తిరిగొచ్చిన పొద్దున ఇద్దరూ పరుగెత్తుకొచ్చి, "గౌను ఎలా ఉందే? వేసుకున్నావా? దీవిలో ఏమన్నారు?" అని అడిగితే, ఆ మొహాలు చూశాక కర్టెన్ల సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "ఒడ్డున ఉన్నవాళ్లందరూ ఎక్కడ కుట్టించావని అడిగారే!" అనేసింది. అంతే. మొదటి అబద్ధాన్ని నిలబెట్టడానికి బస కావలసివచ్చింది, బసకి కిటికీలు, కిటికీలకి రంగు.

వాల్దిర్ దీనికి ఏమీ అనకపోగా, పైపెచ్చు సాయంపట్టేవాడు. నీలం టాక్సీ ఆయన చేర్చిందే. ఎవరిదో పుట్టినరోజున, రెండో గ్లాసు బీరు మీద, "ఆ టాక్సీవాడు మలుపులు భలే తిప్పేవాడు సుమా," అన్నాడు. సిటీ బస్సు డ్రైవరు కదా, ఆయన ఊహ అటే పోతుంది. జురేమా నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. ఆ రోజు నుంచి కథ టాక్సీతోనే మొదలైంది.

నాలుగేళ్ల క్రితం వాల్దిర్ పోయాడు. అప్పటినుంచి జురేమా ఆ కథ ఇంకా ఎక్కువగా చెప్పేది. ఆయన హుషారుగా, జుట్టంతా నల్లగా, తన చెయ్యి పట్టుకుని నడిచేది ఇక అందులోనే మరి.

ఈ ఏడు ఆ కథే ఆమె మెడకు చుట్టుకుంది.

కార్నివాల్ ఊరేగింపుల పోటీ అయిపోయిన బుధవారం మధ్యాహ్నం న్యాయనిర్ణేతల మార్కులు రేడియోలో చదువుతున్నారు. అడుగున నిలిచిన బృందం కింది తరగతికి దిగిపోతుంది. దిగిపోతే వచ్చే ఏడు డబ్బులుండవు, పనీ ఉండదు. వీళ్ల బృందం అడుగు నుంచి రెండో స్థానంలో ఊగిసలాడుతోంది. ఇంక మిగిలింది దుస్తుల మార్కులే, అంటే అచ్చంగా వీళ్ల కుట్టు. అప్పుడు జొరాయిదే లేచి, గోడ మీద గుర్రమెక్కి ఉన్న సావ్ జోర్జి పటానికి రెండు చేతులూ ఎత్తింది. లావుపాటి మనిషి, ఆవిడ లేస్తే కుర్చీ కూడా కాస్త లేస్తుంది.

"తండ్రీ! ఈ గండం గట్టెక్కించు. గట్టెక్కిస్తే మేం ముగ్గురం పకెతా వెళ్లి, మా వదిన హనీమూన్ చేసుకున్న బసలో మూడు రోజులు కాళ్లు చాపుకుని పడుకుంటాం!"

జొరాయిదే కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది జురేమాయే. ఆనాటినుంచి ఆమెను వదినా అనే పిలుస్తుంది. షెడ్డంతా చప్పట్లు కొట్టింది. జురేమా మాత్రం కింద పడని సూది కోసం బల్ల కింద వెతికింది. రేడియోలో మనిషి గొంతు సవరించుకున్నాడు. ఆ ఒక్క క్షణంలో జురేమా ఒక పాపం చేసింది. నాలుగు నెలలు వేళ్లు పొడుచుకుని తను కుట్టిన బట్టలకే తక్కువ మార్కు రావాలని మనసులో కోరుకుంది.

"పదికి పది!" అన్నాడు రేడియో మనిషి.

అందరూ ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. జురేమా కూడా ఏడ్చింది, సంతోషం కొంత, సిగ్గు కొంత.

మర్నాటినుంచే ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. ఊరేగింపులో వాడిన బట్టలు విప్పదీసి పూసలు పూసల డబ్బాలో, ఈకలు ఈకల సంచిలో వేసుకునే రోజులవి. చేతులకి పని ఉన్నా బుర్రకి ఖాళీ. మొక్కజొన్న కేకు, ఫ్లాస్కులో కాఫీ మధ్యలో పెట్టుకుని ముగ్గురూ కూర్చుంటే పకెతా తప్ప వేరే మాట లేదు.

"నాకు మోకాలు పట్టేసింది," అంది జురేమా మొదటి రోజు.

"దీవిలో పడుకోడానికేగా వెళ్తున్నాం వదినా, పరుగుపందేనికా?" అంది జొరాయిదే.

రెండో రోజు అఖాతంలో నీళ్లు మురికి అంది. కాళ్లు దురదపెడతాయంది. మూడో రోజు ఆకుపచ్చ కిటికీల బస ఎప్పుడో మూసేశారని ఎవరో చెప్పినట్టు గుర్తంది.

"ఎవరు చెప్పారు?" అని అడిగింది నజారే. బక్కపలచటి మనిషి, కళ్లజోడు పైనుంచి చూస్తుంది. పూసల పనిలో ఆమెకు సాటి లేరు, ఒక్క పూస తక్కువైనా పట్టేస్తుంది.

"ఎవరో. బస్సులో."

"పోనీలే, ఇంకో బస చూసుకుందాం. దారి నీకు తెలుసుగా."

"అసలు ఇల్యా గ్రాంజి వెళ్తే పోలా? అది పెద్ద దీవి. నీళ్లు అద్దంలా ఉంటాయట."

జొరాయిదే గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మొక్కింది పకెతాకి వదినా! ఇంకో దీవికి పోతే సావ్ జోర్జి గుర్రం దిగొచ్చి మరీ అడుగుతాడు. అయినా నీకేమైందే? కొత్తపెళ్లికూతురులా మెలికలు తిరుగుతున్నావ్!"

జురేమా తేలు కుట్టిన దొంగలా కాఫీ తాగింది. రేవు దిగగానే వీళ్లు తన మొహమే చూస్తారు. ఎటు తిరగాలో తెలియదు. బస ఏదో తెలియదు. నలుగురిలో తన బండారం బయటపడటం ఒక ఎత్తు. ఈ ఇద్దరూ ముప్పై నాలుగేళ్లుగా తమ చెవుల్లో పువ్వులు పెట్టిందని అనుకోవడం ఇంకో ఎత్తు. పెళ్లాలని వదిలేసిన మొగుళ్ల విషయంలో, పిల్లల జ్వరాల విషయంలో, ఇళ్లు మునిగిన వానల్లో ఒకరికొకరు ఆసరాగా ఉన్న మనుషులు. వీళ్లు దూరమైతే తనకింక మిగిలేది ఎవరు? వాల్దిర్ పోయినప్పుడు కూడా ఇంత ఒంటరితనం భయపెట్టలేదు, ఎందుకంటే అప్పుడు వీళ్లున్నారు.

అప్పుడు జొరాయిదే గౌను సంగతి ఎత్తింది.

"ఆ పసుపుపచ్చ గౌను దాచే ఉంచావుగా వదినా? రేపు పట్రా. పక్కల్లో గుడ్డ అతికి వదులు చేస్తాను. దీవిలో మళ్లీ నువ్వదే వేసుకోవాలి."

జురేమా ఇంటికెళ్లి బీరువా అడుగునుంచి గౌను తీసింది. మడత మడతలాగే ఉంది. అంచు తిరగేసి చూసి మంచం మీద కూలబడింది. అంచంతా తెల్లదారంతో వేసిన కచ్చా కుట్లు. ఎత్తు చూసుకుని గట్టి కుట్టు వేసుకోమని ఆనాడు వీళ్లు వదిలిన కుట్లు అవి. ఒక్క గంట వేసుకుని నడిచినా తెగిపోవాల్సినవి ఒక్కటీ తెగలేదు. నజారే కళ్లకి ఇది దొరక్కుండా పోదు. ఇప్పుడు కూర్చుని గట్టి కుట్టు వేసేయవచ్చు. పావుగంట పని. సూది తీసింది కూడా. దారం ఎక్కించింది. మళ్లీ దారం తీసేసింది. ఇంక చాలనిపించింది ఆమెకి.

పొద్దున్నే షెడ్డుకి వెళ్లి, కాఫీ కప్పులు పక్కకి జరిపి, గౌనుని అంచు పైకి కనపడేలా బల్ల మీద పరిచింది.

"చూడండి," అంది.

జొరాయిదే వంగి చూసింది. నజారే కళ్లజోడు సర్దుకుంది.

"నేనెప్పుడూ పకెతా వెళ్లలేదు. వానకి పడవలు ఆపేశారు. మా అత్తగారింట్లో మూడు రోజులు కర్టెన్లు ఉతికాను. ఈ గౌను ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఇంతకాలం మీకు కోతలే కోశాను." గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "తిట్టాలనుంటే తిట్టండి. మాట్లాడటం మానేయాలనుంటే కూడా..."

నజారే చేతిలో పూసల దారాన్ని బల్ల మీద పెట్టింది.

"తెలుసే," అంది.

"ఏం తెలుసు?"

"ఆ దీవిలో కార్లు ఉండవే పిచ్చిమొహమా! ఇప్పుడూ లేవు, అప్పుడూ లేవు. సైకిళ్లు, గుర్రపుబళ్లు. ఇప్పుడు గుర్రాల బదులు బ్యాటరీ బళ్లు వచ్చాయి. మీ ఆయన నీలం టాక్సీ అన్నరోజే నాకు నవ్వాగక పూసలన్నీ ఒలకబోసుకున్నాను. నీకు గుర్తులేదా?"

జురేమాకి గుర్తొచ్చింది. ఆ పుట్టినరోజు నాడు కూడా పూసల పని చేత్తో పట్టుకొచ్చిన నజారే, బల్లకిందకి దూరి చాలాసేపు పూసలేరుకుంది.

"నీకెలా తెలుసే అక్కడి సంగతి?"

"మా అమ్మమ్మది ఆ ఊరే. బడి సెలవులన్నీ అక్కడే గడిపేదాన్ని."

జురేమా నోరు తెరిచింది. ముప్పై ఆరేళ్ల స్నేహంలో, ఏ మొగుడు ఏ రోజు ఏం తిట్టాడో కూడా చెప్పుకున్న స్నేహంలో, ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు.

"ఎన్నడూ చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు కథ ఆపేస్తావుగా," అంది నజారే, చాలా మామూలుగా. "అమ్మమ్మ పోయాక ఇల్లు అమ్మేశారు. ఆ తర్వాత ఆ ఊరి కబుర్లు నాకు చెప్పేది నువ్వొక్కదానివే. సగం తప్పులే చెప్పేదానివనుకో. బొప్పాయి ముక్కలు మాత్రం సరిగ్గా చెప్పావు."

"నాకైతే ఆ వారంలోనే నజారే చెప్పేసింది," అంది జొరాయిదే, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ. "మా ఆయన ఇల్లొదిలి పోయినప్పుడు నీ చేత ఆ కథ మూడుసార్లు చెప్పించుకున్నాను, గుర్తుందా? ఏడుపు ఆగేది. నిజమైతే నాకేం, కాకపోతే నాకేం?"

"మరి ఈ మొక్కేంటే? తెలిసి తెలిసి నన్ను చంపడానికా?"

"అలా మొక్కమని నజారేయే చెప్పింది," అని జొరాయిదే వెంటనే అప్పగించేసింది.

"వాల్దిర్ ఉంటే ఎప్పుడో ఒకనాడు తీసుకెళ్తాడులే అనుకున్నాం," అంది నజారే. "ఇంక ఎవరు తీసుకెళ్తారు? ఇంత బాగా చెప్పినదానివి, ఆ ఊరు చూడకుండా పోతావేమోనని నాకు దిగులు. పిలిస్తే వస్తావా? ఏదో సాకు చెప్తావు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటే తప్పించుకోలేవు కదా అని."

జురేమా కుర్చీలో కూలబడి, గౌను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముప్పై నాలుగేళ్లుగా గుండెల మీద మోసిన కుంపటి అది. దించుకుంటే ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిసుంటే ఎప్పుడో దించేది. ఆ ఏడుపు ఎప్పుడు నవ్వయిందో ఆమెకే తెలియలేదు. జొరాయిదే మిగిలిన కేకంతా తెచ్చి ఆమె ముందు పెట్టింది. ముగ్గురూ తినేశారు.

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. జొరాయిదే గౌను పక్కలు విప్పింది. ఈ ఏడాది మిగిలిన పసుపు గుడ్డ పాతదానితో కలవలేదు గానీ, అదేం ఫర్వాలేదని తీర్మానించారు. నజారే చిన్నప్పటి దారి గీసి చూపించింది: రేవు, బజారు, చనిపోయిన పిట్టల్ని పాతిపెట్టే పక్షుల శ్మశానం, పెద్ద బావోబాబు చెట్టు. ఆ చెట్టుని ముద్దు పెట్టుకుంటే అదృష్టం పడుతుందంటారని చెబితే, "నేను మొట్టమొదట ముద్దు పెట్టుకున్నది మా ఆయన్ని, ఆ అదృష్టం చాలు," అంది జొరాయిదే. ముగ్గురూ పగలబడి నవ్వారు. జురేమా మోకాలు నొప్పి ఎటు పోయిందో పోయింది.

మిగిలింది బస. నజారే ఒక నంబరు సంపాదించి ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. అవతల ఒక పెద్దావిడ గొంతు. ముగ్గురికి ఒక పెద్ద గది ఉందంది. సముద్రం వైపే.

"కిటికీలు ఏ రంగండీ?" అని అడిగింది జురేమా, ఆగలేక.

"తెల్లవమ్మా. ఏం?"

"ఏం లేదు. తెలుపు బాగుంటుంది."

"ఇంతకుముందు ఎప్పుడైనా పకెతా వచ్చారా మీరు?"

జొరాయిదే సూది గాల్లో ఆగిపోయింది. నజారే ఫోనుని మెల్లగా జురేమా వైపు జరిపింది.

"లేదండీ," అంది జురేమా. ఎంత చిన్నమాట! ఎంత హాయిగా ఉంది అనడానికి! "ఇదే మొదటిసారి."

"అయితే నడవడానికి వీలైన చెప్పులు తెచ్చుకోండమ్మా. కొత్తవాళ్లకి తెలీదు, మా దీవిలో కార్లు ఉండవు."

"తెలుసండీ," అంది జురేమా, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ. "మా ఆయనకే తెలీదు."