పోచమ్మ తల్లికి మెమో

కోరుట్లలో ఒక ఆఫీసరు సాక్షాత్తూ పోచమ్మ తల్లికే మెమో ఇచ్చాడు. సరే, కాగితం మీద ఇవ్వలేదు, ఫోనులో బెదిరించాడు. ఆ తల్లి కూడా గుడిలో లేదు, మా కథలాపూర్‌లో నాకు మనవడి వరసయ్యే రాజేశం ఒంటి మీద ఉంది. అయినా తేడా ఎంత?

రాజేశం అప్పుడు కోరుట్లలో ఒక సర్కారు ఆఫీసులో కొత్త గుమాస్తా. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. కావాలంటే ఆఫీసరు సంతకం పెట్టాలి. అందుకే ఆఫీసరు తుమ్మితే ఇతను చేతిరుమాలు తీసేవాడు.

సకల జనుల సమ్మె అప్పుడే ముగిసింది. నెల దాటి ఆఫీసుకు తాళం పడినా ఆకాశమేమీ విరిగి పడలేదు. తాళం తీసిన వారానికే రాజేశానికి అమ్మవారు పోసింది, సెలవు పెట్టాడు. అంతే, సర్కారు కుప్పకూలసాగింది!

కన్నతల్లి లస్మవ్వ గుమ్మానికి వేపమండలు కట్టి, కొడుకును వేపాకుల మీద పడుకోబెట్టింది. అమ్మవారు పోసిన మనిషిని మా దగ్గర పేరు పెట్టి పిలవరు, కసురుకోరు. తగ్గి నీళ్లు పోసేదాకా ఆ మనిషే పోచమ్మ. "తల్లీ, ఇంత పెరుగన్నం తినవే" అని లస్మవ్వ మీసాల కొడుకును బతిమాలుతోంది. కనురెప్పల మీద కూడా పొక్కులు లేచాయి. కదలకుండా పడుకోకపోతే చూపుకే ముప్పన్నాడు డాక్టరు.

ఫోను మాత్రం తలగడ కిందే ఉంది.

"రాజేశం, బీరువ తాళం ఏడ వెట్టినవయ్యా?"

"మీ టేబులు సొరుగులనే ఉన్నది సార్."

మళ్లీ మోగింది. "గీ చాయ్‌ల చక్కెర ఎక్కువైంది. నువ్వు ఏ హోటల్‌కెళ్లి తెప్పిస్తుంటివి?"

కళ్లు తెరవలేని మనిషి హోటలుకు దారి చెప్పాడు! జబ్బు మనిషిని వదిలేయాలని మా కాన్వెంటులో ఒకటో తరగతిలోనే నేర్పారు. ఆఫీసర్లు ఆ తరగతి ఎగ్గొట్టే పైకి వస్తారు కాబోలు.

ఇంకోసారి మోగేసరికి లస్మవ్వ ఫోను లాక్కుంది.

"ఎవలు?"

"ఆఫీసర్ను. రాజేశంకియ్యి."

"రాజేశం లేడు. పోచమ్మ తల్లి ఉన్నది. ఏమన్నుంటే తల్లికే చెప్పు."

"పోచమ్మ గీచమ్మ జాన్తా నై! రేపు పొద్దుగాల డ్యూటీకి రాకుంటే నౌకరి పోతది."

"తల్లిని రమ్మంటున్నవా కొడుకా? వస్తది. గింత ప్రేమగ పిలిచినంక ఆఫీసుకెందుకు, ముందుగాల మీ ఇంటికే వస్తది."

అవతల ఫోను టక్కున పెట్టేశాడు. ఆఫీసరు ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

మర్నాడు సాయంత్రం ఆఫీసరే కథలాపూర్‌లో దిగాడు. చేతిలో కొబ్బరికాయ, పెరుగు ముంత. చెప్పులు వాకిట్లో విడిచి, వేపమండలకు ఇవతలే నిలబడి దండం పెట్టాడు.

"తల్లీ, తప్పైంది. ఎన్ని దినాలైనా పండుకో. నౌకరి యాడికి పోదు. సంతకం పెడుత."

అక్కడితో గెలిచినట్టే. కానీ లోపలున్న బుద్ధిహీనుడు సారు గొంతు వినగానే దుప్పటి తోసి లేచాడు.

"వస్తున్న సార్! ఏం ఫైలు సార్?"

లస్మవ్వ వేపమండ లాగి వీపు మీద ఒక్కటి అంటించింది. "పండుకోవే తల్లీ! సిగ్గులేని తల్లీ!"

రాజేశం ఇప్పుడు పర్మినెంటు. నిన్న ఇదంతా చదివి వినిపిస్తే మొహం గంటు పెట్టుకున్నాడు.

"అంత అబద్ధం, తాతా. నాకు అమ్మవారు పోయనే లేదు. గీ మచ్చలు దోమలు కుట్టినయి. సారు మా ఇంటికి రాలే. సెలవుల నేను ఫోను ఎత్తిందే లేదు."