స్తంభం వెనక చోటు

నా చిన్నప్పుడు మేము హిందీ మాట్లాడే ఒక ఉక్కు పట్టణంలో, బర్మామైన్స్ అనే పేటలో ఉండేవాళ్లం. మా మామ్మ, అంటే నాన్న తల్లి, రైల్వేలో సఫాయి పని చేసేది. ఆదివారం ఆమె చెయ్యి పట్టుకుని మా తెలుగు చర్చికి వెళ్లేదాన్ని. చిన్న హాలు అది. నడుమ కప్పును మోస్తూ ఒక లావుపాటి స్తంభం ఉండేది. ఫిట్టర్లు, గుమాస్తాలు, టీచర్ల కుటుంబాలు ముందు బల్లల మీద కూర్చునేవి. సఫాయి పనివాళ్లం స్తంభం వెనక కూర్చునేవాళ్లం. అక్కడే కూర్చోమని ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెప్పవలసిన అవసరం ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.

శనివారం సాయంత్రం హాలంతా ఊడ్చి కడిగేది మామ్మే. క్రిస్మస్ విందుకు గిన్నెలు తోమేదీ ఆమే. వంట దగ్గరికి మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు.

ఒక ఏడాది స్త్రీల సమాజం కమిటీకి మామ్మ తన పేరు ఇచ్చింది. అందుకు ఎన్నాళ్లు ధైర్యం కూడగట్టుకుందో నాకు తెలియదు. ఆ ఆదివారం పాస్టరుగారు కమిటీ పేర్లు చదివారు. మామ్మ పేరు లేదు. చదవడం అయ్యాక ఆయన నవ్వుతూ, "మన మామ్మగారు ఈ సంఘానికి స్తంభం. స్తంభానికి పదవి ఎందుకు?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నేను హిందీ బడిలో చదివేదాన్ని. "స్తంభం అంటే ఏటి మామ్మా?" అని గుసగుసగా అడిగాను.

ఆమె ఎదురుగా ఉన్న స్తంభం మీద చెయ్యి వేసింది. "ఇదే. మీ ఇస్కూల్లో ఖంభా అంటారు కదా."

"నిన్ను ఖంభా అన్నారా?"

"మెచ్చుకున్నారే. బరువు మోత్తాను కదా, అందుకని." స్తంభం మీంచి చెయ్యి తీసి, "అయ్యగారు నీకు అగుపడతన్నారా?" అంది.

"లేదు. ఇది అడ్డం."

"మనమూ ఆయనకి అగుపడం."

మరుసటి ఆదివారం ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకుని, నన్ను తీసుకెళ్లి మొదటి బల్ల మీద కూర్చుంది. పక్కనున్నావిడ చీర సర్దుకుని లేచి వెళ్లిపోయింది. వెనక్కి పోదామని నేను కొంగు లాగాను. మామ్మ కదల్లేదు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు వచ్చి, వెనక మీ చోటు ఖాళీగానే ఉందమ్మా అన్నారు, చాలా మెత్తగా.

"ముసిల్దాన్నయిపోనాను అయ్యగారూ. ఇక్కడయితే మీ మాట బాగా ఇనపడతాది," అంది మామ్మ.

కొన్ని వారాలు అలాగే కూర్చున్నాం. తర్వాత మేం వెళ్లేసరికే ఆ బల్ల మీద ఎవరివో రుమాళ్లు పరిచి ఉండేవి. మామ్మ చర్చి మానేసింది. శనివారం ఊడవడమూ మానేసింది. గర్వం తలకెక్కిందన్నారు. నాకు తెలుగు చదవడం రాదు కనక ఇంట్లో నాచేత హిందీ బైబిలు చదివించుకునేది. సగం అర్థం కాకపోయినా తల ఊపేది. ఆమె పోయినప్పుడు చర్చి నుంచి ఒకరిద్దరే వచ్చారు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. నాకు రావలసిన పై ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చిన ప్రతిసారీ నన్ను నలుగురిలో నిలబెట్టి పొగిడారు. ఇప్పటికీ ఎవరైనా మంచి మాట అంటే నాకు ముందు సంతోషం కలగదు. నాకు ఇవ్వవలసింది ఏదో ఈ మాటతో సరిపెడుతున్నారేమో అనిపిస్తుంది. ఆ అనుమానం ఒక్కసారైనా తప్పు కావాలని కోరుకుంటూనే ఇంత వయసు వచ్చింది.