బొత్తాలు కోసిన కోట్లు

ముందు నా తప్పు ఒప్పేసుకుంటాను. అది దాచిపెట్టి ఇంకొకరి గురించి చెప్పబోతే మా ఆవిడ ఊరుకోదు. రెండేళ్ళ కిందట నా పాత గోధుమరంగు కోటు మా చర్చి సంఘానికి ఇచ్చాను. ఇచ్చేముందు దాని బొత్తాలు ఆరూ కోసి పక్కన పెట్టుకున్నాను. "మంచి బొత్తాలండీ, ఎందుకైనా పనికొస్తాయి" అంది ఆవిడ. ఇంతవరకు ఎందుకూ పనికి రాలేదు. బిస్కెట్ల డబ్బాలో పడున్నాయి.

నేనొక్కణ్ణే చేసిన పని కాదిది. చలి మొదలయ్యే ముందు మా మందిరం వసారాలో రెండు పెద్ద అట్టపెట్టెలు పెట్టి, లేనివాళ్ళ కోసం పాత కోట్లు వేయమంటారు. అందరం వేస్తాం. అందరం బొత్తాలు కోసుకునే వేస్తాం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. దేవుడికి ఇస్తున్నది కోటు గానీ బొత్తాలు కాదు కదా అన్న తెలివి అందరికీ ఒకేసారి పుట్టినట్టుంది.

ఆ కోట్లన్నీ బొత్తాలక్క దగ్గరికి చేరేవి. ఆమెకు అసలు పేరు ఉంది, సంఘం రిజిస్టరులో ఉంది, అక్కడే ఉంటుంది. మందిరం వెనక, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన గది ఆమె దుకాణం. ఇనుప కాళ్ళ కుట్టుమిషను, నిలువెత్తు అద్దం, బట్టలు మార్చుకునేందుకు ఒక మూల తెర. అన్నిటికంటే ముఖ్యం, పడమటి కిటికీ. ఆమె ఉండే ఇంట్లో మూడో అంతస్తు మీద ఒక్కటే గది, కిటికీ పక్కింటి గోడకి తెరుచుకుంటుంది. పగలు కూడా లైటు వేసుకుంటే తప్ప సూదిలో దారం ఎక్కదు. కంటి ఆపరేషను అయ్యాక లైటు వెలుగులో కుట్టడం ఆమె వల్ల కాదు. అందుకే సంఘం ఆ గది ఇచ్చింది. బదులుగా పాటల బృందం అంగీలు ఆమే కుడుతుంది, పెట్టెల్లోకి వచ్చిన కోట్లు ఆమే బాగు చేస్తుంది. పదకొండేళ్ళుగా ఇదే ఏర్పాటు.

కోటు కావాల్సినవాళ్ళు వెనక తలుపు నుంచి మామూలు రోజుల్లో వచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళకి టేపు పెట్టి కొలతలు తీసుకునేది. "చెయ్యి ఒక అంగుళం తగ్గించనా? మళ్ళీ సంవత్సరానికి పొడవవుతాడు, లోపలికి మడిచి ఉంచుతాను." డబ్బిచ్చి కుట్టించుకునేవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేది. నేను మొలకు తువ్వాలు చుట్టుకుని నా ప్యాంటు కోసం కాచుకు కూర్చున్నప్పుడు పక్కన కూర్చున్నాయన ఎందుకొచ్చాడో నాకు తెలిసేది కాదు. తెలియకపోవడమే అక్కడి పద్ధతి.

తెలిసేది బొత్తాల వల్ల. మేం కోసుకున్న వాటి బదులు ఆమె తన డబ్బాలోంచి దొరికినవి కుట్టేది. ఒకటి నల్లది, రెండు నీలం, ఒకటి కొయ్యది. ఒకరోజు బస్టాపులో నా గోధుమరంగు కోటు నాకు ఎదురొచ్చింది. లోపల ఎవరో ఉన్నారు. మొహం చూడకముందే నేను కోటును చూసి నవ్వేశాను, పాత స్నేహితుడు కనిపించినట్టు. ఆయన నా నవ్వు చూశాడు, తన బొత్తాలు చూసుకున్నాడు, బస్సు ఎక్కకుండానే పక్క వీధిలోకి తిరిగిపోయాడు.

తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఈ సంగతి బొత్తాలక్కకి చెప్పుకున్నాను. ఆ రోజు కూడా ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికే వెళ్ళాను. ఉతికితే బిగిసిందని చెప్పాను.

"బట్ట అంతే తమ్ముడూ" అంది. "నీది ప్రతి ఏడూ కుదించుకుపోతుంది." ఆ తరవాత టేపు మెడలో వేసుకుంది. "ఆయన బస్సు ఎక్కలేదా?"

"లేదక్కా."

"నీకు నవ్వు ఎక్కువ" అని, ప్యాంటు తీసుకుని నన్ను తెర వెనక్కి తోసింది.

నేను తెర వెనక ఉండగానే మేష్టారు వచ్చారు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై కిందటేడు మా సంఘ పెద్ద అయ్యారు. మాలో సగంమంది ఆయన బెత్తం తిన్నవాళ్ళమే. ఆయన గొంతు వింటే యాభై ఏళ్ళ మీద పడ్డవాణ్ణి, కాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడ్డాను. పైగా ప్యాంటు మిషను మీద ఉంది. బయటికి రాలేను, దగ్గలేను.

"ఏమ్మా, కోట్లు ఎంతవరకు వచ్చాయి?"

"ఆదివారానికి అన్నీ అయిపోతాయి మేష్టారూ."

"మంచిది. ఈసారి ఇక్కణ్ణించి ఇవ్వొద్దు. ఆదివారం కృతజ్ఞతారాధన కదా, అందరి ముందూ ఇద్దాం. ఇచ్చినవాళ్ళు తమ చేత్తో తొడుగుతారు. పుచ్చుకున్నవాళ్ళు మైకులో రెండు మాటలు చెప్తారు. ఫోటో తీసి బోర్డులో పెడదాం."

మిషను ఆగింది. "వాళ్ళు రారు మేష్టారూ."

"ఎందుకు రారు? కృతజ్ఞత చెప్పడం నేర్పాలమ్మా. పదిమంది కుష్ఠురోగుల్ని ప్రభువు బాగుచేస్తే ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడు. మనకి తెలిసిన కథే కదా."

"ఆ ఒక్కడూ తనంతట తను వచ్చాడండీ. ఎవరూ లైను కట్టించలేదు."

తెర వెనక నాకు నవ్వొచ్చింది. నవ్వే నాకు శత్రువని అప్పుడే కదా చెప్పింది, పెదవి కొరుక్కున్నాను.

"నాకు పదేళ్ళప్పుడు ఇలాగే స్టేజీ మీద తొడిగారు" అంది ఆమె. "తొడిగినావిడ కూతురు నా క్లాసే. చలికాలమంతా ఆటల పీరియడులో 'మా కోటు జాగ్రత్త' అనేది. నేను విప్పేసి కూర్చునేదాన్ని. వణికినా ఫరవాలేదనిపించేది."

"అది ఆ పిల్ల తప్పు. ఇచ్చినావిడది కాదు." మేష్టారు కొంచెం మెత్తబడ్డట్టే మాట్లాడారు, కానీ ఆయన మెత్తబడితే ఇంకా భయం. "చూడమ్మా, ఇది సంఘం నిర్ణయం. గది కూడా సంఘానిదే. ఇలా ఇవ్వడం ఇష్టం లేదంటే తాళంచెవి ఇచ్చెయ్. కుర్చీలు పెట్టుకోవడానికి మాకూ చోటు లేదు."

ఆయన వెళ్ళిపోయారు. అప్పుడే వెనక తలుపు తోసుకుని బేకరీలో పనిచేసే ఆవిడ వచ్చింది, చేతుల మీద ఇంకా పిండి ఉంది. కూతురి కోటు చూసుకోవడానికి రమ్మన్న రోజు. తెర సందులోంచి చూశాను, ఎర్ర కోటు, నిజంగా బాగుంది. కానీ ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"బయట చెప్పుకుంటున్నారక్కా. నిజమేనా?"

"ఎవరు చెప్పారు?"

"పోనీలే, ఈ ఏడు వద్దు. మా పిల్ల పాటల బృందంలో ముందు వరుసలో నిలబడుతుంది. ఆ వరుసలోంచి దిగి కోటు కోసం ఇటు లైన్లో నిలబడాలంటే..." చేతుల పిండి కొంగుకి తుడుచుకుంది. "పాతదే ఇంకో సంవత్సరం లాగిస్తాంలే."

"చెయ్యి చాపమను రేపు" అంది బొత్తాలక్క. "కొలత ఇంకా తీసుకోలేదు. ఎవరికీ ఏమీ చెప్పకు, పిల్లని పంపించు, అంతే."

ఆవిడ వెళ్ళిపోయింది. తెర మీదుగా నా ప్యాంటు వచ్చి నెత్తిన పడింది. "అన్నీ విన్నావుగా. నీ నోరు కూడా కుట్టమంటావా?"

"అక్కర్లేదక్కా" అన్నాను.

ఆ వారం ఆ గదిలో మిషను ఆగలేదు. చలి ముదిరే వారం కాబట్టి మా కోట్లూ దాదాపు అన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి: ఒకరికి జేబు ఊడి, ఒకరికి అస్తరు చిరిగి. మేష్టారి నల్ల కోటు కూడా, మోచేతి దగ్గర కుట్టు వదిలి. శనివారం సాయంత్రానికి అందరి కోట్లూ కాగితంలో చుట్టి ఇళ్ళకి చేరిపోయాయి. మడతలు విప్పి చూసుకునే ఓపిక ఎవరికుంది? ఆదివారం పొద్దున హడావిడిగా తొడుక్కుని పరిగెత్తాం.

మందిరంలో ముందు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. దాని మీద ఏమీ లేదు. పాటలయ్యాయి, పాస్టరుగారు మేష్టారి వైపు చూశారు. పాస్టరుగారు మంచివారు, మేష్టారి పక్కన నిలబడితే మరీ మంచివారైపోతారు. మేష్టారు మైకు దగ్గరికి వెళ్ళి, బల్ల చూసి, మూడో వరుస చూశారు.

"కోట్లేవమ్మా?"

బొత్తాలక్క లేచి నిలబడింది. "ఇచ్చేశాను మేష్టారూ. ఆదివారానికి అయిపోతాయని చెప్పాను కదా."

"ఎవరికిచ్చావు?"

"కొలత సరిపోయినవాళ్ళకి."

"లిస్టు?"

"టేపుతో కొలిచాను. రాసుకోలేదు."

మేష్టారు కళ్ళజోడు సరిచేసుకుని మమ్మల్ని వరుసవారీగా చూడటం మొదలుపెట్టారు. ఆయనకి లిస్టు అక్కర్లేదు. దానపు కోటును బొత్తాలు చూసి పట్టెయ్యొచ్చని మా సంఘంలో అందరికీ తెలుసు. ఆయన చూపు నా దగ్గర ఆగింది. మళ్ళీ ఆగింది. నేను కిందికి చూసుకున్నాను. నేను కొనుక్కున్న బూడిదరంగు కోటు మీద, సరిగ్గా పొట్ట ఎత్తుగా ఉన్నచోట, ఒక ఎర్ర బొత్తాం.

పక్కకి చూశాను. మా ఆవిడ కోటుకు ఆకుపచ్చది. ముందు వరుసలో డాక్టరుగారి భార్యకి తెల్లది, పువ్వు ఆకారంలో. పాటల బృందంలో పిల్లలు చలికి అంగీల మీద కోట్లు వేసుకుని నిలబడ్డారు, ఎనిమిదిమంది, ఒక్కో కోటుకి ఒక్కో బొత్తాం మాట వినకుండా వేరే రంగులో. వాళ్ళల్లో ఎర్ర కోటు కూడా ఉంది. దాని మీదా అంతే, ఐదు ఒక్కలాగా, ఒకటి వేరేగా. ఇచ్చినవాళ్ళెవరో పుచ్చుకున్నవాళ్ళెవరో ఎవరూ చెప్పలేరు. మా అందరి కోట్ల మీంచి ఒక్కో బొత్తాం కోసి, ఒక్కలాంటివి జతచేసి ఆ కోట్ల మీద సర్దేసింది. మాకేమో తన డబ్బాలోంచి ఇచ్చింది.

"ఏమండీ" అంది మా ఆవిడ నెమ్మదిగా, "ఆవిడ మన బొత్తాలు కోసేసుకుంది."

"మనం నేర్పిందే" అన్నాను.

మేష్టారు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. చివరికి పాస్టరుగారే ఆయన మోచెయ్యి తాకి, ఛాతీ వైపు చూపించారు. నల్ల కోటు మీద, గుండెకి కాస్త కింద, గుడ్డులో సొన లాంటి పసుపు బొత్తాం. మా బెత్తం రోజుల తరవాత ఆయన మొహం అలా ఎర్రబడటం నేను చూడలేదు. ఎవరో నవ్వబోయి దగ్గులో కలిపేశారు.

"ఇది ఎగతాళి" అన్నారు మేష్టారు.

"కాదండీ" అంది ఆమె. మూడో వరుసలోంచి కదల్లేదు, మైకు అడగలేదు, గొంతు పెంచలేదు. "కృతజ్ఞత చెప్పించాలన్నారు కదా, నేను చెప్తాను. పదకొండేళ్ళు వెలుతురున్న గది ఇచ్చారు. నా కళ్ళకి అన్నం పెట్టినట్టే. సంఘానికి థాంక్స్. ఎవరూ లేపకుండా లేచి చెప్తున్నాను, అందుకని లెక్కలోకి తీసుకోండి."

కూర్చుంది. పాస్టరుగారు, దేవుడు ఆయన్ని దీవించుగాక, చటుక్కున "కానుకలు" అన్నారు.

కానుక సంచి పట్టేది నేనే. పొడుగాటి కర్రకి కట్టిన నల్ల ముఖమలు సంచి. వరుస వరుసకీ చాపుతూ మూడో వరుసకి వచ్చాను. బొత్తాలక్క చెయ్యి సంచిలోకి వెళ్ళి వచ్చింది. కర్ర నా చేతుల్లో కిందికి జారింది, అంత బరువు. తోలు తాడుకి కట్టిన పాత ఇత్తడి తాళంచెవి. నేను అక్కడే నిలబడిపోయాను.

"కదులు తమ్ముడూ" అంది. "వెనక వరుస కాచుకుంది."

సోమవారం నలుగురం కలిసి మిషను ఆమె ఇంటికి మోశాం. ఇనుప కాళ్ళు, దేవుడా. మూడో అంతస్తు దాకా వెళ్ళలేదు, వెళ్ళినా అక్కడ చీకటి. రెండో అంతస్తు మెట్ల మలుపులో పెద్ద కిటికీ ఉంది, మధ్యాహ్నం మూడు దాకా వెలుగొస్తుంది. ఇంటి ఓనరుని అడిగితే, మెట్లకి అడ్డం రాకపోతే చాలన్నాడు. అద్దం గోడకి ఆనించాం. తెర కట్టడానికి చోటు లేదు, కాబట్టి నా ప్యాంటు పనులు ఇప్పుడు ఇంటి నుంచే పంపిస్తున్నాను. మలుపులో గాలి కొడుతుంది. పాత గదిలో ఐదు దాకా కుట్టేది, ఇక్కడ మూడింటికే ఆపాలి. రోజుకి రెండు గంటల పని పోయింది. ఆ మాట అడిగితే, "మూడు తరవాత కాళ్ళు చాపుకుంటున్నా, నీకేం బాధ?" అంటుంది.

నెల తిరక్కముందే మేష్టారు వచ్చారు. ఆయన వచ్చేసరికి నేను కింది మెట్టు మీద ఉన్నాను, మా ఇంటి బిస్కెట్ల డబ్బా చేతిలో పట్టుకుని. మళ్ళీ కాళ్ళు దగ్గరికి చేరాయి. ఆయన నన్ను దాటి పైకి వెళ్ళి, జేబులోంచి తాళంచెవి తీసి మిషను బల్ల మీద పెట్టారు.

"గది ఖాళీగానే ఉందమ్మా. వచ్చెయ్యి. లైనూ వద్దు, ఫోటో వద్దు."

ఆమె సూది ఆపింది. కిటికీలోకి చూసింది. ఆ పాత గది వెలుగు ఆమెకెంత అవసరమో నాకు తెలుసు.

"మరి?" అంది.

"పేర్లు మటుకు రాసి నాకివ్వు. ఎవరికీ చూపించను. సంఘానికి ఒక లెక్క ఉండాలి కదా."

ఆమె తాళంచెవిని చూపుడువేలితో ఆయనవైపు జరిపింది. మెల్లగా, బల్ల అంచు దాకా. "ఇక్కడ వెలుతురు బాగానే ఉంది మేష్టారూ."

ఆయన తాళంచెవి తీసుకున్నారు. వెళ్ళబోయి ఆగి, గొంతు సవరించుకుని, కోటు ముందుకి పట్టుకుని చూపించారు. "సరే, ఈ పసుపుదైనా తీసి నా నల్లది కుట్టిపెట్టు. వీధిలో నవ్వుతున్నారు."

"కుట్టేస్తాను. మీ నల్లది తెండి."

"అది నీ దగ్గరే కదా ఉంది."

"నా దగ్గర లేదండీ. ఒక చిన్నపిల్ల కోటు మీద ఉంది. మెడ దగ్గర, పై బొత్తాం. గాలి అక్కడే దూరుతుందని గట్టిది వేశాను."

"ఏ పిల్ల?"

"చెప్పను" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ. ఆ కళ్ళకి మొదటిసారే ఎక్కింది.

మెట్ల మలుపులో గాలి విసురుగా కొట్టింది. మేష్టారు పసుపు బొత్తాం పెట్టుకుని, నన్ను దాటుకుని కిందికి దిగిపోయారు.

నేను పైకి వెళ్ళి డబ్బా ఇచ్చాను. ఆరు గోధుమరంగు బొత్తాలు. ఆమె మూత తీసి చూసి, నా చేతిలోనే ఒక సూది పెట్టింది. "కుట్టడం నాకు రాదక్కా" అన్నాను.

"కోయడం వచ్చుగా" అంది. "కూర్చో."