ఉట్నూర్ మట్టిలో నేను లేదన్న అమీబా

ఉట్నూర్‌కు రెండోసారి వెళ్లింది ఊరు చూడటానికి కాదు, నేనన్న మాట వెనక్కి తీసుకోవడానికి. కరీంనగర్‌లో ఒక కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెబుతాను. మట్టిలో స్వేచ్ఛగా బతికే అమీబాలను వెతికి, ఏ జాతివో పోల్చడం నా పని. వేసవి చివర ఉట్నూర్ దగ్గరి ఒక గూడెంలో సోంబాయి అనే రైతు పొలానికి వెళ్లాను. నిరుడు నాట్లప్పుడు బురద చింది ఆమె ఎడమ కన్ను పోయింది. డాక్టరు అమీబా అన్నాడు. ఇంట్లో మాత్రం, ఆకు పసరు పోసుకుని తనే పోగొట్టుకుందని నింద. విత్తనం పడకముందు చేను మన్ను బయటివాళ్లకు ఇవ్వకూడదని వాళ్ల కట్టు. ఆ నింద పోతుందన్న ఆశతో ఆమె కట్టు దాటి నా సంచిలో మన్ను పోసింది.

మా పద్ధతి తేలికే. పోషకాలు లేని అగర్ ప్లేటు మీద బ్యాక్టీరియా పూత పూసి, మధ్యలో చిటికెడు మట్టి పెడతాం. అమీబా ఉంటే మేత కోసం బయటికి పాకుతుంది, ఆ దారి మైక్రోస్కోపులో కనిపిస్తుంది. రెండు వారాలు ఓపిక పట్టాలి. నేను మూడు రోజులు చూసి, పరీక్షల డ్యూటీ పడిందని, ఫోన్లో "ఏమీ లేదమ్మా" అనేశాను. తొందరపడొద్దని ఏటా పిల్లలకు చెప్పేది నేనే. చెప్పేవన్నీ శ్రీరంగ నీతులు. పదకొండో రోజు ప్లేటు పారేయబోతూ ఒకసారి చూశాను. దారులు అంచుదాకా పాకి ఉన్నాయి. ముడుచుకున్న వాటికి రెండు గోడలు, లోపలి గోడ నక్షత్రంలా మూలలు తేలి ఉంది. అకాంతమీబా. కంటికి కీడు చేసేది అదే.

ఆదివారం ఉదయం ఐదున్నరకు కరీంనగర్‌లో బస్సెక్కాను. లక్షెట్టిపేట, జన్నారం మీదుగా నాలుగున్నర గంటలు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ ఉచితం. జన్నారంలోనే ఇడ్లీ తినేయండి, ప్లేటు ముప్పై. ఆ తర్వాత చాలాసేపు అడవే. ఉట్నూర్‌లో జీపు డ్రైవర్ రఫీక్ భాయ్ బండి నిండేదాకా కదలలేదు. "జర ఆగుండ్రి మేడం, ఇంకిద్దరెక్కితే పోదాం, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. గూడేనికి నలభై రూపాయలు. చేరేసరికి పన్నెండు దాటింది.

సోంబాయి అరుగు మీద కందులు చెరుగుతోంది. కూర్చోకముందే చెప్పేశాను. "మట్టిలో అది ఉందమ్మా. నేను సరిగా చూడకుండా లేదన్నాను. చాలా నేలల్లో ఉంటుంది కాబట్టి నీ కన్ను దానివల్లే పోయిందని ఖాయంగా అనలేను. కానీ లేదన్నది మాత్రం నా తప్పు."

చాట ఆపకుండానే అంది: "నువ్వు లేదన్ననాడు మా ఆయన పక్కనే ఉండె. పసరే తిన్నది నీ కన్ను అన్నడు. మన్ను బయటికిచ్చి చేను గిట్ల ఖరాబ్ చేసినవ్ అన్నడు. ఈయేడు నా చేత విత్తనం పట్టనియ్యలే."

ఆయన ఎక్కడని అడిగితే సంతకు పోయాడంది. "పొద్దుగూకినంక వస్తడు. గీ ముచ్చట నువ్వే చెప్పు మేడం."

మర్నాడు తొమ్మిదింటికి నాకు మళ్లీ పరీక్ష డ్యూటీ. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. "నేనే రాపిచ్చుకున్న అంటడు." పోనీ ఫోన్ చేస్తానన్నాను. "ఫోన్లనే కద మేడం లేదన్నవ్" అంది, కోపం లేకుండానే.

మూడింటికి రఫీక్ భాయ్ హారన్ కొట్టాడు. "గిదే ఆఖరి జీపు. ఉంటరా, వస్తరా?"

ఎక్కాను.

మర్నాడు నా గదిలో పరీక్ష రాసింది నలుగురు. వేరే ఎవరు నిలబడ్డా సరిపోయేది. మొదటిసారి ప్లేటు ముందు, రెండోసారి ఆ అరుగు మీద, రెండుచోట్లా నేను కాస్త ఆగి ఉండాల్సింది. ఆ రాత్రి ఫోన్ చేస్తే సోంబాయి భర్తే ఎత్తి, మొత్తం విని, "మొన్న లేదంటివి, ఇయ్యాల ఉన్నదంటున్నవ్" అని పెట్టేశాడు. ఇంకేం చెప్పను? సిగ్గుగా ఉంది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: గూడేల నుంచి ఉట్నూర్‌కు సాయంత్రం జీపులు దొరకవు. ఎవరికైనా మాట చెప్పడానికి వెళ్తుంటే ఆ రాత్రికి అక్కడే ఉండేలా బయల్దేరండి, ఆ మనిషి సంత నుంచి ఇంటికొచ్చేదాకా.