వెనక్కి వెళ్లని జీపు

మొన్న కొవ్వూరు నుంచి వస్తుంటే వంతెన దిగే చోట ఓ షేర్ ఆటో మా కారు అద్దాన్ని గీరుకుంటూ పోయి ముందు ఆగింది. మా అబ్బాయికి మెడ నరాలు ఉబ్బాయి. బెల్టు ఊడదీసి తలుపు మీద చెయ్యి వేశాడు. నేను అలవాటుగా "హ్యాండ్‌బ్రేకు వేశావా?" అన్నాను. వాడు విసుక్కుంటూ కిందికి చూసి బ్రేకు లాగాడు. ఆ కాస్త సేపట్లో ఆటో వెళ్లిపోయింది. "ప్రతిసారీ ఇదే అడుగుతావేంటమ్మా" అన్నాడు. నిజానికి ఆ ప్రశ్న మా అత్తయ్యది. ఆవిడ దాన్ని ఎక్కడ నేర్చుకుందో చెప్పాలంటే ముందు ఆవిడ భర్త, మా చిన్న మావయ్య కోపం గురించి చెప్పాలి.

మావయ్య మా అమ్మకు ఆఖరి తమ్ముడు. భీమవరం దగ్గర పల్లెలో, వరి తీసేసి రొయ్యల చెరువులు తవ్విన తొలి రోజుల్లో పంటలు కలిసొచ్చి జీపు కొన్నాడు. ఇంట్లో ఉన్నంతసేపూ వెన్నలాంటి మనిషి, పిల్లికి కూడా పక్కకు జరిగి దారిచ్చేవాడు. స్టీరింగు పట్టుకుంటే మాత్రం పూనకమే. ఆ పూనకంలోనూ మర్యాద తప్పేవాడు కాదు. "దిగుతారా అండీ, లాగమంటారా?" అని అడిగి మరీ లాగేవాడు. తణుకు దగ్గర ఓ బస్సు డ్రైవరును చొక్కా పట్టుకుని కిటికీలోంచి సగం బయటికి లాగి, "బట్టలు చిరిగితే నన్నడగొద్దండి" అని చెప్పి చెంపలు వాయించాడు. ఇంకోసారి దారివ్వని స్కూటరతని ముందు లైటును కాలితో తన్ని పగలగొట్టి, గాజు పెంకు దిగి చాన్నాళ్లు తనూ కుంటుతూ తిరిగాడు. సీటు కింద జాకీ రాడ్డు ఒకటి ఉండేది. గతుకుల్లో అది గలగల్లాడుతోందని అత్తయ్య దానికి పాత చీర ముక్క చుట్టింది. చప్పుడు వంకేనని, ఎవరికి తగిలినా కాస్త తక్కువ తగలాలని అలా చుట్టానని చాలా ఏళ్ల తర్వాత నాతో అంది.

మా వైపు కాలువ గట్టు రోడ్లకు అప్పట్లో ఓ కట్టుబాటు ఉండేది. ఒక్క బండే పట్టే దారి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువులు. రెండు బళ్లు ఎదురుపడితే ఖాళీ బండి వెడల్పు చోటు దాకా వెనక్కి వెళ్లాలి, లోడు బండి కదలక్కర్లేదు. ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించేవారు. మావయ్యకే ఇది మింగుడుపడేది కాదు. వెనక్కి వెళ్లడమంటే ఆయన లెక్కలో అవతలివాడి కాళ్లు పట్టుకోవడమే. జీపులో ఒక్క కొబ్బరిబొండం ఉన్నా లోడు బండేనని వాదించేవాడు.

నా ఇంటర్ అయిన ఏడాది జూన్‌లో, నన్ను భీమవరం కాలేజీలో చేర్పించడానికి బయల్దేరాం. కాలువలకు నీళ్లు వదిలిన కొత్త, బురదనీళ్లు గట్టు అంచు దాకా ఉన్నాయి. అత్తయ్య పులిహోర క్యారేజీ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. దారిలో తూము మీద ఎత్తుగా కట్టిన చిన్న వంతెన ఒకటుంది. జీపు ఆ ఎత్తు ఎక్కుతుండగా అటు నుంచి ఐసు దిమ్మలు వేసుకుని ఓ మినీ లారీ వచ్చింది. ఊక కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. లారీ అతను దిగి వచ్చి, "ఐసు కరిగిపోతందండి, కొంచెం వెనక్కి తీసుకోండి" అన్నాడు.

"ఆడవాళ్లున్నారండి. ఇదీ లోడు బండే" అన్నాడు మావయ్య.

"లోడంటే సరుకండి. మనుషులు సరుకేంటండి?" అని అతను నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

మావయ్య హ్యాండ్‌బ్రేకు సగం లాగి, రాడ్డు పట్టుకుని దూకాడు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది కనుబొమ్మ మీద. చీర ముక్క ఉన్నా కనుబొమ్మ చీలి మొహమంతా రక్తమైంది. అతనూ తక్కువ తినలేదు, మావయ్య పొట్టలో మోకాలితో పొడిచి చెవి మెలిపెట్టాడు. రాడ్డు ఎక్కడో పడిపోయింది. అప్పుడు మావయ్య అతని జుట్టు పట్టుకుని మా జీపు బానెట్ మీదే తలను బాదడం మొదలుపెట్టాడు. అద్దానికి అవతల ఆ మొహం మా కళ్లెదుటే లేస్తూ పడుతూ ఉంది. ప్రతి దెబ్బకూ జీపు ఊగింది. అత్తయ్య "చచ్చిపోతాడండీ, వదిలెయ్యండి" అని అరుస్తూనే ఉంది. ఇద్దరూ పెనుగులాడుకుంటూ లారీ దాకా వెళ్లారు. మావయ్య అతన్ని లారీకి అదిమి గొంతు పట్టుకున్నాడు. అంతలో మా జీపు కదిలింది.

ఆ బాదుడుకు సగం బ్రేకు కాస్తా ఊడింది. జీపు వెనక్కి జారుతోంది. వెనక రోడ్డు మలుపు తిరుగుతుంది, తిన్నగా పోతే కాలువే. మా ఇద్దరికీ బ్రేకు ఏదో తెలియదు, ఈతా రాదు. అత్తయ్య ఇంకా గట్టిగా అరిచింది కానీ, అప్పటిదాకా అరుస్తూనే ఉంది కనుక మావయ్య తిరిగి చూడలేదు. చూసింది లారీ అతను. గొంతు మీది చేతులు విదిలించుకుని మావయ్యను తోశాడు. కొట్టబోతున్నాడనుకుని మావయ్య రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అతను పక్క నుంచి పరుగెత్తి జీపు అందుకుని, ఒక కాలు లోపల పెట్టి బ్రేకు తొక్కాడు. రెండో కాలు బయటే ఉండిపోయింది. జీపుకీ వంతెన పిట్టగోడకీ మధ్య అది నలిగిన చప్పుడు, చెరుకుగడ విరిచినట్టు, నాకిప్పటికీ వినిపిస్తుంది. వెనక చక్రం గట్టు అంచు మీద ఆగింది.

ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ముందు లారీ అడ్డం. దాన్ని తియ్యాల్సినవాడు మా వెనక సీట్లో, కాలు నా ఒళ్లో పెట్టుకుని పడి ఉన్నాడు. మావయ్యకు లారీ తోలడం రాదు. ఇక వెనక్కి వెళ్లాల్సిందే. వెడల్పు చోటు దాకా, గట్టు పొడవునా, మెడ వెనక్కి తిప్పి ఏడుస్తూ నడిపాడు. కన్నీళ్లకు ఆయనకు దారి ఆనలేదు. దారి చెప్పింది ఆ లారీ అతనే. "కుడికి కొయ్యండి. ఇంకొంచెం. ఇటు కాలువుందండి" అని తెలివి తప్పేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆ రాడ్డు ఏమైందో మళ్లీ ఎవరూ వెతకలేదు.

అతని కాలు దక్కింది గానీ మోకాలు మళ్లీ వంగలేదు. కేసు పెట్టలేదు. మావయ్య పళ్లు పట్టుకుని వాళ్లింటికి వెళితే అతను గుమ్మంలోనే ఆపేశాడట. "ఆవిడ కోసం, ఆ పిల్ల కోసం ఆపానండి బండి. మీరు రాకండి. మిమ్మల్ని చూస్తే నాకింకా కొట్టాలనే ఉంటదండి" అన్నాడట. "కొట్టండి" అన్నాడట మావయ్య. అతను తలుపు వేసేసుకున్నాడు.

ఆ తర్వాత మావయ్య ఎదురొచ్చిన ప్రతి బండికీ వెనక్కి వెళ్లాడు, ఖాళీ రిక్షాకి కూడా. ఊళ్లో కుర్రాళ్లు ఆయనకు రివర్సు గేరు గారని పేరు పెట్టారు. విన్నప్పుడల్లా దవడ బిగుసుకుపోయేది. కోపం ఎక్కడికీ పోలేదు, దిగడం మానేశాడంతే. అత్తయ్యకు మాత్రం నమ్మకం కుదరలేదు. కూరలో ఉప్పెక్కువై ఆయన కంచం తోసినా "బ్రేకు వేశారా?" అని అడిగేది. ఆయన కంచం మళ్లీ దగ్గరికి లాక్కునేవాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ గట్టు మీద రెండు బళ్లు పట్టే సిమెంటు రోడ్డు వేశారు, ఎవరూ ఎవరికోసమూ వెనక్కి వెళ్లనక్కర్లేదు. ఇన్నేళ్లలో రోడ్లు వెడల్పయ్యాయి గానీ, మనిషి కోపంతో దిగడానికీ బండి జారడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సమయం మాత్రం అప్పటికీ ఇప్పటికీ అంతే ఇరుకు.